నూరులో అరవై
(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"ఉన్నంతలో తృప్తి" అన్న అంశం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. నేను పండితుణ్ణి కాను. 1973లో ఎల్.డి.సి.గా చేరి, 2008లో సీనియర్ అసిస్టెంటుగా రిటైరైన గుమాస్తాను. నాకు తెలిసిన విద్య లెక్క. అందుచేత తృప్తిని గురించి కూడా లెక్కతోనే చెబుతాను.

మనం ఈ తేదీన కలుసుకోవడానికి కారణం 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్ గారు ఉన్న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, పెన్షను అనేది యజమాని దయతలచి ఇచ్చే బహుమానం కాదని, అది ఉద్యోగి హక్కు అని తేల్చింది. కాబట్టి తృప్తి అంటే నోరు మూసుకోవడమని ఎవరూ అనుకోవద్దు. రావలసిన కరువు భృతి కోసం సంఘం అర్జీ పెడితే మొదటి సంతకం నాదే. అయితే ఆ అర్జీ ఫలించేదాకా మనశ్శాంతిని వాయిదా వేసుకోవలసిన పని లేదు.

మన దిగుళ్ళను విప్పి చూస్తే ముఖ్యంగా రెండు కనిపిస్తాయి. మొదటిది పోలిక. మనతో చేరినవాడు నాలుగు ప్రమోషన్లు కొట్టాడు, పక్కింటాయనకు కూతురు అమెరికా నుంచి డబ్బు పంపుతోంది. పొరుగింటి పుల్లకూర రుచి అని పెద్దలు ఊరికే అనలేదు. ఇది కాస్త ప్రయత్నిస్తే పోయే జబ్బే. రెండవది భయం. "నేను పోతే ఆవిడ గతేమిటి?" అన్న ఆలోచన అర్ధరాత్రి లేపి కూర్చోబెడుతుంది. దీనికి లెక్క వేయాల్సిందే.

వేద్దాం. పూర్తి సర్వీసు చేసినవారికి పెన్షను ఆఖరి జీతంలో సగం. మన వయసువారు పోయాక భార్యకు వచ్చే ఫ్యామిలీ పెన్షను ఆ జీతంలో నూటికి ముప్ఫై. అంటే, వయసును బట్టి కలిసే అదనపు పెన్షను పక్కన పెడితే, ఇవాళ మనం నూరు రూపాయలు తీసుకుంటుంటే రేపు ఆవిడ చేతికి వచ్చేది అరవై. పెద్దకర్మ అయిన మరునాటి నుంచి ఆ అరవైతో ఇల్లు నడపాలి. పాలవాడూ కరెంటు బిల్లూ మాత్రం నూరు రూపాయలనాటివే.

2023లో నాకు రిటైరై 15 ఏళ్ళు నిండి, కమ్యుటేషను కోత తీరి, పూర్తి పెన్షను రావడం మొదలైంది. బంధువుల్లో ఒకాయన అప్పుడే అప్పుకు జామీను సంతకం అడిగాడు. "ఇప్పుడు మీకేం బాబాయ్, పెరిగిందిగా!" అన్నాడు. ఏదీ తేల్చకుండా, మా ఆవిడను కూర్చోబెట్టి పై లెక్క చెప్పాను. "ఏమండీ, అయితే ఇప్పటినుంచే అరవైలో నడిపి చూద్దాం, మీరున్నప్పుడే నేర్చుకుంటాను" అంది. ఆ మాటకు నాకు కాసేపు నోట మాట రాలేదు.

మొదటి నెల డెబ్భై ఎనిమిది అయింది. రెండు పేపర్లు ఒకటయ్యాయి. అవసరం లేని రీఛార్జి ఒకటి తీసేశాం. పెళ్ళిళ్ళ చదివింపులకు ఒక హద్దు పెట్టుకున్నాం. మనవలకు పుట్టినరోజున ఇచ్చేది మాత్రం తగ్గించనివ్వలేదు ఆవిడ. అయిదో నెలకు అరవై రెండుకు వచ్చాం. మిగిలిన దానిలో మందులు, ఆసుపత్రి ఖర్చులు పోను, కొంత ఆవిడ పేర డిపాజిటు చేస్తున్నాం. జామీను సంతకం పెట్టలేనని ఆ బంధువుకు మర్యాదగా చెప్పాను. కొన్నాళ్ళు ముఖం చాటేశాడు, తర్వాత మామూలే.

నా పెన్షను పెరగలేదు. కాని అర్ధరాత్రి మెలకువలు తగ్గాయి. "పిల్లలు ప్రేమగా పెడితే తింటాను, చెయ్యి చాపి అడగక్కర్లేదు, అంతే చాలు" అంటుంది మా ఆవిడ. నాకు తెలిసిన తృప్తి అదే.

కనీస పెన్షనుతో బతుకుతున్నవారికి ఈ లెక్క సరిపోదు. అక్కడ తగ్గించడానికి ఏమీ ఉండదు. వారికి తృప్తి గురించి ఉపన్యాసం చెప్పే అర్హత నాకు లేదు. వారి పక్షాన గట్టిగా అడగడం సంఘం బాధ్యత. ఇక ఈ సభలో ఫ్యామిలీ పెన్షను మీద సంసారం నడుపుతున్న సోదరీమణులున్నారు. మాకు అయిదు నెలలు పట్టిన పాఠం, వారు దుఃఖంలో ఉండి మొదటి నెలలోనే నేర్చుకోవలసి వచ్చింది. వారిని అడిగితే నాకంటే బాగా చెబుతారు.

మిత్రులారా, ఈ రాత్రి ఇంటికి వెళ్ళి పి.పి.ఓ. కాగితం బయటికి తీయండి. అందులో భార్య పేరు, పుట్టిన తేదీ సరిగా ఉన్నాయో లేదో చూడండి. బ్యాంకులో నామినేషను ఉందో లేదో కనుక్కోండి. ఒక కాగితం మీద నూరు, అరవై అని రాసి ఆవిడకు చూపించండి. ఈ ఒక్క పనికి ఏ జీవో కోసమూ ఎదురుచూడక్కర్లేదు.