చదువు రాదని ముద్ర వేయకముందు

(టేకులపల్లిలో ఉపాధ్యాయులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉపాధ్యాయ వృత్తిలో లేము. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ పొందాము. తమ దరఖాస్తును ఇతరులచేత చదివించుకొని, విన్నది నిజమో కాదో తెలియకనే వేలిముద్ర వేసినవారిని ఆ కొలువులో ఎందరినో చూశాము. వారిలో చాలామంది రెండు మూడేళ్ళు బడికి వెళ్ళినవారే. వెళ్ళినా చదవడం ఎందుకు రాలేదన్నదే నేటి మా ప్రశ్న.

మా ఇంటి పిల్లవాడు మూడవ తరగతిలో ఉండగా వానికి చదువు అబ్బదని బడిలో తేల్చారు. కూర్చోబెట్టుకొని చూశాము. అ నుండి ఱ వరకు తడబడకుండా అప్పజెప్పాడు. ‘బుడగ’ అన్న మాట చూపితే నోరు మెదపలేదు. అదే పిల్లవాడు మక్తబ్‌లో జబర్, జేర్, పేష్ గుర్తులను బట్టి అరబీ అక్షరాలను కూడబలుక్కొని చక్కగా చదివేవాడు. ‘బే మీద పేష్ ఉంటే బు అంటావు కదా, బ కు కొమ్ము ఇస్తే అదే బు’ అని చెప్పాము. వాని ముఖం వికసించింది. కొన్ని వారాలలో దుకాణాల బోర్డులు చదవసాగాడు. చదవడంలోని కీలకం వానికి ముందే తెలుసు. తెలిసినట్లు బడికి తెలియలేదు.

చదవడానికి రెండు కావాలి. గుర్తులను ధ్వనులుగా కూర్చడం ఒకటి, ఆ ధ్వనులలో అర్థాన్ని పట్టుకోవడం మరొకటి. మన పిల్లలకు మొదటిది మక్తబ్‌లో అరబీతో అలవడుతుంది, అక్కడ అర్థం తెలియదు. రెండవది ఇంట్లో దక్కనీ ఉర్దూలో ఉంటుంది, అక్కడ అక్షరం ఉండదు. ‘పొలిమేర’ అన్న మాటను ఎన్నడూ వినని పిల్లవాడు దానిని తప్పు లేకుండా కూడబలికినా ఏమి గ్రహించగలడు? మాట ముందు చెవికి పరిచయం కావాలి, తరువాతే కంటికి. మన పొరుగున ఉన్న కోయ, లంబాడీ పిల్లల కష్టమూ ఇదే. కనుక ఇది ఒక్క మన సమాజపు మొర కాదు.

ఉపాధ్యాయులు గమనించవలసిన మరొక విషయం ఉన్నది. ఉర్దూలో ళ, ణ ధ్వనులు లేవు. మన పిల్లవాడు ‘నీళ్ళు’ను ‘నీల్లు’ అని చదివితే అది ఉచ్చారణలోని తేడా మాత్రమే, అక్షరాన్ని వాడు సరిగానే గుర్తుపట్టాడు. తరగతి నవ్వితే ఆ రోజు నుండి వాడు పైకి చదవడం మానేస్తాడు. ఖ, ఘ, భ వంటి ఒత్తక్షరాలను మాత్రం ఖానా, ఘర్, భాయీ అనే నాలుకతో సునాయాసంగా పలుకుతాడు. ఆ మాటలతో మొదలుపెట్టి మెచ్చుకోండి.

మాతృభాషలో ప్రాథమిక విద్యకు తగిన వసతులు కల్పించాలని 1956లో రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం చెబుతున్నది. సాధ్యమైనంత వరకు బోధన మాతృభాషలో ఉండాలని 2009 విద్యాహక్కు చట్టమూ అంటున్నది. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో కోయ, బంజారా సహా ఎనిమిది గిరిజన భాషలలో బోధన ప్రారంభించారు. 2017లో తెలంగాణ అంతటా ఉర్దూ రెండవ అధికార భాష అయినది. అయినా మారుమూల ఊళ్ళలో మన పిల్లవానికి ఇంటి భాషలో పలకరింపు కూడా దొరకడం లేదు. 2022-23 నుండి ప్రభుత్వ బడులలో ఇంగ్లీషు మాధ్యమం కూడా వచ్చి చేరినది. భారం పెరిగినది, మెట్టు మాత్రం వేయలేదు.

అందువలన ఉపాధ్యాయులకు మా విన్నపం: అక్షరాల వరుస అప్పజెప్పించుకొని తృప్తి పడకండి. ప్రతి పాఠానికి ముందు అందులోని మాటలను బొమ్మతో, వస్తువుతో, పిల్లల భాషతో పరిచయం చేయండి. మక్తబ్ ఉస్తాదులతో ఒకసారి మాట్లాడండి.

తల్లులారా! మీకు తెలుగు చదవడం రాకపోయినా ఫరవాలేదు. పాఠంలోని కథను ఉర్దూలో చెప్పమని బిడ్డను అడగండి. చెప్పగలిగితే చదివినట్లే.

తండ్రులారా! విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. ఆ కుర్చీలను ఖాళీగా వదలకండి. ఉర్దూ తెలిసిన బోధకుని కోసం కమిటీ ద్వారా వ్రాతపూర్వకంగా అడగండి, నకలు దగ్గర ఉంచుకోండి. నోటిమాటకు ఫైలు కదలదని ఇన్నేళ్ళ కొలువులో మేము నేర్చుకున్నాము.

ఆ దరఖాస్తు కింద వేలిముద్రలు కాక సంతకాలు ఉండాలని మా ఆశ. వస్సలాం.