పురానీ హవేలీలో ఒక బీరువా

హైదరాబాద్ పాతబస్తీలో, చార్మినార్‌కు కాస్త దూరంలో పురానీ హవేలీ ఉంది. రెండో నిజాం దీన్ని తన కొడుకు సికందర్ జా కోసం తీసుకున్నారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ నివాసంగా దీనికి ఎక్కువ పేరొచ్చింది.

ఇక్కడ తప్పక చూడవలసింది ఆయన దుస్తుల గది. గది అనడం కంటే బీరువాల వీధి అనాలి. టేకు చెక్కతో రెండు అంతస్తులు, పొడవు దాదాపు 176 అడుగులని చెబుతారు. పై అంతస్తుకు వెళ్లడానికి కరెంటు లేకుండా చేత్తో నడిపే చెక్క లిఫ్టు! ఒకసారి తొడిగిన బట్టలు ఆయన మళ్లీ తొడగలేదని జనం చెప్పుకునే కథ నిజమో కాదో గానీ, ఈ బీరువాలు చూస్తే నమ్మబుద్ధేస్తుంది. నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మాత్రం ఆ వడ్రంగుల పనితనం. వాళ్ల పేర్లు కూడా అక్కడ రాసి ఉంటే ఎంత బాగుండేది!

2000లో ఇక్కడ నిజాం మ్యూజియం తెరిచారు. ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ రజతోత్సవానికి వచ్చిన కానుకలు, నగరంలోని ప్రసిద్ధ కట్టడాల వెండి నమూనాలు ఉన్నాయి. 2018లో బంగారు టిఫిన్ డబ్బా, కప్పు, సాసరు చోరీ అయ్యాయి. పోలీసులు కొద్ది రోజుల్లోనే వాటిని పట్టుకున్నారు.

శుక్రవారం సెలవు. మిగతా రోజుల్లో పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లండి, ఆ చెక్కపని నింపాదిగా చూపించండి.