గుర్రం నేర్పే నడక



కొందరు పిల్లలకు ఏడాది నిండినా మెడ నిలవదు. కూర్చోబెడితే ఒరిగిపోతారు. కాళ్లు కత్తెరలాగా పెనవేసుకుంటాయి. ఇది సెరిబ్రల్ పాల్సీ కావచ్చు.

ఇది ఎందుకొస్తుంది? కడుపులో ఉన్నప్పుడో, కాన్పులోనో, పుట్టిన కొత్తలోనో బిడ్డ మెదడు దెబ్బతింటుంది. అందుకే ఒళ్లు మాట వినదు. నెలలు నిండకుండా పుట్టడం, పుట్టగానే ఊపిరి అందకపోవడం, కామెర్లు ముదరడం కొన్ని కారణాలు. ఇది అంటురోగం కాదు. గ్రహణం వల్ల రాదు. తల్లి చేసిన పాపం అసలే కాదు.

కొన్ని దేశాల్లో ఇలాంటి పిల్లలను గుర్రమెక్కించి వ్యాయామం చేయిస్తారు. గుర్రమే ఎందుకు?

గుర్రం నడుస్తుంటే దాని వీపు ముందుకూ వెనక్కూ, పక్కలకూ, పైకీ కిందికీ కదులుతుంది. మనిషి నడిచేటప్పుడు నడుము కూడా ఇలాగే కదులుతుంది. నడవని బిడ్డకు ఆ కదలిక తెలియదు. గుర్రమెక్కితే తెలుస్తుంది. ఒరిగిపోకుండా ఉండాలని బిడ్డ వీపు నిలుపుతుంది, మెడ ఎత్తుతుంది. గుర్రం ఒంటి వెచ్చదనానికి బిగుసుకున్న తొడలు కాస్త సడలుతాయి.

బిడ్డను ఒంటరిగా వదలరు. ఒకరు గుర్రాన్ని నడిపిస్తారు. అటొకరు, ఇటొకరు బిడ్డను కాచుకుంటూ నడుస్తారు. తలకు గట్టి టోపీ పెడతారు. గుర్రాన్ని పరుగెత్తించరు. మెల్లగా నడిపిస్తారు.

డెన్మార్క్ దేశంలో లిస్ హార్టెల్ అనే ఆమె ఉండేది. 1944లో, గర్భిణిగా ఉన్నప్పుడు, ఆమెకు పోలియో వచ్చింది. మోకాళ్ల కింద కాళ్లు చచ్చుబడ్డాయి. అయినా ఆమె మళ్లీ గుర్రమెక్కింది. ఎక్కడానికీ దిగడానికీ మనుషులు సాయం పట్టాలి. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మగవాళ్లతో పోటీపడి వెండి పతకం గెలిచింది. ఆమెను చూసి చాలామందికి ధైర్యం వచ్చింది. 1969లో బ్రిటన్‌లోనూ, అమెరికాలోనూ వికలాంగుల గుర్రపు స్వారీకి సంఘాలు పుట్టాయి.

ఒక్క మాట గుర్తుంచుకోండి. గుర్రమెక్కితే జబ్బు పోదు. దెబ్బతిన్న మెదడు బాగుపడదు. కూర్చునే నేర్పు, తూకం కొంత మెరుగవుతాయి. తుంటి ఎముక జారిన పిల్లలను, మూర్ఛలు అదుపులో లేని పిల్లలను ఎక్కించకూడదు. డాక్టరు సరేనంటేనే ఎక్కించాలి. పెళ్లి ఊరేగింపు గుర్రం మీద మాత్రం ఎక్కించకండి. అది ప్రాణానికే ముప్పు.

మన ఊళ్లో అలాంటి గుర్రం లేదే అని దిగులు పడకండి. ఒంటికి కదలిక నేర్పడమే అసలు సంగతి. ఆ పని ఇంట్లోనూ చేయొచ్చు. బిడ్డను ఎలా కూర్చోబెట్టాలో, ఎలా ఎత్తుకోవాలో ఫిజియోథెరపీ వాళ్లు చూపిస్తారు. రోజూ కాస్సేపు చేయించాలి. ఎంత చిన్న వయసులో మొదలుపెడితే అంత మేలు. బిడ్డను మూలన పడుకోబెట్టి ఉంచితే కాళ్లూ చేతులూ ఇంకా బిగుసుకుపోతాయి.

మెడ నిలవని బిడ్డ మీ వీధిలో ఉన్నారా? ఆ తల్లిని నిందించకండి. పెద్దాసుపత్రికి తోడుగా వెళ్లండి. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టంలో సెరిబ్రల్ పాల్సీ కూడా ఉంది. ఆ బిడ్డకు బడిలో చోటు అడగండి. అది దయ కాదు, హక్కు.