నోటిపరీక్షలో దేనికి మార్కులు?



ఉత్సవవేళ పాఠశాల కీర్తిని చెప్పుట ఆచారము. అందుకు సమర్థులైన వారు వేదికపై ఉన్నారు గనుక నేను నా పొరపాటునొకదానిని విన్నవిస్తాను.

కొన్నేళ్ల క్రితం తొమ్మిదవ తరగతి బాలుడొకడు మన ఊరి చెరువును గూర్చి ప్రసంగించాడు. ఏ తూము ఏ పొలానికి పారునో, అలుగు ఎటు పోవునో తప్పు లేకుండా చెప్పాడు. అయితే నల్లబల్ల వైపు తిరిగి, సుద్దముక్కను వేళ్లమధ్య తిప్పుతూ, ఒకే స్వరంలో చెప్పాడు. నేను పదికి నాలుగు వేశాను. శ్రోతలను చూడలేదట! ఆ పిదప అతడు వేదిక ఎక్కలేదు.

కళాశాలలో సెమినారు మార్కులూ అట్లే పోయినవి. ఆటిజమని వైద్యులు చెప్పినది అప్పుడే. తల్లి నావద్దకు వచ్చి, “టీచరమ్మా, వాడికి విషయం తెలియదంటారా?” అని అడిగింది. నా వద్ద సమాధానం లేదు.

ఆటిజము గల పలువురికి ఎదుటివారి కళ్లలోకి చూచుటే పెద్ద శ్రమ. ఆ శ్రమలో చెప్పవలసిన మాట జారిపోతుంది. ఏడీహెచ్‌డీ గలవారికి వరుస తప్పవచ్చును. చేతిలో చిన్న చీటీ ఉంటే నిలదొక్కుకొంటారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆటిజమును, అభ్యసన వైకల్యములను గుర్తించి, పరీక్షా విధానంలో తగిన మార్పులు చేయమన్నది. అందు పేర్కొన్న అదనపు సమయం, లేఖకుని సాయం మాత్రం ప్రధానంగా వ్రాతపరీక్షకు పనికివచ్చునవి.

విశ్వవిద్యాలయాలలో బోధించు మన పూర్వ విద్యార్థులకు నాదొక మనవి. కొలువదలచినది ఏదో ముందుగా వ్రాసి విద్యార్థి చేతికివ్వండి. నటనాశిక్షణలో కంఠము, చూపు పాఠ్యాంశములే, జలశాస్త్రంలో కావు. ఇద్దరు ముగ్గురి ఎదుట మాట్లాడుటకో, ముందే రికార్డు చేసి తెచ్చుటకో అనుమతించండి. ప్రశ్నలు కాగితంపై ఇవ్వండి. ఈ వెసులుబాటు అందరికీ ఉంచితే ఎవరూ వైద్యపత్రం చూపి తలవంచనక్కరలేదు.

రేపు ఉద్యోగంలో ఎవరు ఆగుతారని మీరడుగవచ్చు. నిజమే. అయితే సభలో మాట్లాడుట మనమెన్నడు నేర్పాము? నేర్పకుండానే మార్కులు కోశాము. మన పాఠశాలలో ఈ ఏటినుండి నోటిపరీక్షలో పదికి ఎనిమిది విషయానికే.

ఆ బాలుడు గీసిన చెరువు పటం ప్రదర్శనకు వచ్చింది. భోజనానంతరం ఆరవ తరగతి గదిలో అతడే వివరిస్తాడు. దయచేసి ఇద్దరిద్దరుగా వెళ్లండి.