పటాలము: దాని పేరు, దాని పని



సైన్యమున చేరిన యువకుని గూర్చి మన పల్లెలలో "వాడు పటాలములో చేరినాడు" అని చెప్పుట వాడుక. ఈ మాట అమరమునందు లేదు. ఆంధ్ర మహాభారతమునందును లేదు. పరాసులును ఆంగ్లేయులును తీరమున దిగి, మనవారికి తుపాకు లిచ్చి వరుసలు దిద్దిన కాలమున బెటాలియన్ అను పదము తెలుగు నాలుకపై పటాలమైనది. అయినను సైన్యమును భాగించి లెక్కించుట మనకు క్రొత్త గాదు. ఒక రథము, ఒక ఏనుగు, మూడు గుఱ్ఱములు, ఐదుగురు కాల్బంట్లు కలిసినచో పత్తి. మూడు పత్తులు సేనాముఖము. అటుపై గుల్మము, గణము, వాహిని, పృతన, చమువు, అనీకిని యని మూడేసి రెట్లుగా పెరుగును. పది అనీకినులు ఒక అక్షౌహిణి. అనగా 21,870 రథములు, అన్ని యేనుగులు, 65,610 గుఱ్ఱములు, 1,09,350 కాల్బంట్లు. ఎన్నిమార్లు కూడినను తప్పు రాని లెక్క.

కాని యా లెక్కలో ఒక గడి ఖాళీగా నున్నది. నేడు కూలిన బంటు స్థానమున రేపు ఎవడు నిలుచును? అక్షౌహిణికి భర్తీ లేదు. కౌరవులు పదునొకండు అక్షౌహిణులతో యుద్ధమునకు దిగిరి. పదునెనిమిది దినములు గడచునప్పటికి ఆ పక్షమున చెప్పుకొనదగిన యోధులు అశ్వత్థామ, కృపుడు, కృతవర్మ యను మువ్వురే మిగిలిరి. ఆ ఖాళీ గడిని పూరించుటయే నేటి రెజిమెంటు పని.

కౌటిల్యునకు ఈ సంగతి కొంత తెలియును. ఆయన సేనలను ఆరు తెఱగులుగా విభజించి, వంశపారంపర్యముగా వచ్చు మౌలబలమును మొదట నిలిపెను. కూలికి వచ్చినవారు, శ్రేణులవారు, మిత్రుల సేన, శత్రువును వీడి వచ్చినవారు, ఆటవికులు ఆ వెనుక వచ్చువారు. ముందటిది వెనుకటిదానికంటె మేలని ఆయన మతము. జీతము సమానమైనను మౌలబలము నిలుచునని యేల తలచెను? వాని తండ్రియు తాతయు ఆ ధ్వజము క్రిందనే నిలిచిరి గనుక. భారతమున సంశప్తకులు అట్టివారు. త్రిగర్తదేశమువారు, ఒక్క నేలవారు, ఒక్కటే ప్రతిన పట్టినవారు.

ఇక రెజిమెంటు తీరు చూతము. కాల్బలమున రెజిమెంటనునది రణరంగమున నొక్కచోట నిలిచి పోరాడదు. పోరాడునది పటాలము, అందు సుమారు ఎనిమిది వందల మంది యుందురు. ఒక రెజిమెంటునకు పది యిరువది పటాలములున్నను అవి వేర్వేరు బ్రిగేడులలో, వేర్వేరు సరిహద్దులలో నుండును. (ఫిరంగి దళమునను ట్యాంకుల దళమునను రెజిమెంటనగా ఒకే యుద్ధ విభాగము, అది వేఱు సంగతి.) మరి రెజిమెంటు చేయు పని యేమి? దానికొక కేంద్రముండును. క్రొత్తవారిని చేర్చుకొనుట, తీర్చిదిద్దుట, పటాలమున ఎందఱు తగ్గిరో అందఱిని పంపుట, గాయపడి లేచినవానిని తన యింటికే తిరిగి చేర్చుట, జాబితాలను భద్రపఱచుట. ఈ పనులలో డప్పు మ్రోత లేదు. అయినను దీర్ఘయుద్ధము నడచునది వీనిమీదనే.

ఈ పనులు సరిగా జరుగనిచో నేమగునో 1914-15లో ఫ్రాన్సు దేశమున తెలిసినది. అప్పటి భారతీయ రెజిమెంట్లలో పెక్కింటికి ఒక్కొక్క పటాలమే. దాపున నిలువ సిపాయిలు కొద్దిమంది. వారిలోను వయసు మీఱినవారు పలువురు. శరత్కాలమున దిగిన సేన శీతకాలము గడచునప్పటికి నలిగిపోయెను. భర్తీకి ఇతర రెజిమెంట్ల నుండి తునుకలు తెచ్చి అతికిరి. సిపాయిల భాష యెఱిగిన దొరలు పడిపోగా, ఆ భాష రానివారు వచ్చిరి. ఆజ్ఞ యిచ్చువాడు ఎవడో, ప్రక్కన నిలిచినవాడు ఎవడో తెలియని చోట ధైర్యవంతుడైనను ఏమి చేయగలడు? ఈ యనుభవము వెనుక 1922లో విడివిడి పటాలములను పెద్ద రెజిమెంట్లుగా గుదిగ్రుచ్చి, ఒక్కొక్కదానికి శిక్షణ పటాలము నేర్పఱచిరి. మంచి యేర్పాటే. కాని దక్షిణాదివారికి దాని ఫలము దక్కలేదు.

1758లో, పరాసులు చెన్నపట్టణముపై ముట్టడికి వచ్చు తరుణమున, స్ట్రింగర్ లారెన్సు కాలమున మద్రాసు సిపాయిలను క్రమమైన పటాలములుగా కూర్చిరి. అంతకు ముందే 1756లో క్లైవు వంగదేశమునకు వెడలినపుడు ఇచటి సిపాయిలు వెంట నుండిరి. ఉత్తరాదివారు కుంఫిణీ సిపాయిని "తిలంగా" యని పిలుచుట ఈ సంబంధముననే. ఆ పేరు ఎంతగా నాటుకొన్నదనగా, 1857లో ఢిల్లీ వీథులలో తిరుగబడిన సిపాయిలను, వారు అవధు వారైనను, జనులు తిలంగాలనియే పిలిచిరి. మన జాతి పేరు వృత్తి పేరై పరదేశమున నిలిచినది. మన యిండ్లలో మాత్రము ఆ సంగతి తెలిసినవారు అరుదు.

అట్టివారికి పిమ్మట ఏమి జరిగినది? 1881 నుండి 1885 వఱకు మద్రాసు సేనాధిపతిగా నున్న రాబర్ట్సు, దీర్ఘకాల శాంతి వలన దక్షిణాది సిపాయిలు మెత్తబడిరని తలచెను. తరువాత భారత సేనాధిపతియైనపుడు ఆ తలపు విధానమైనది. "యుద్ధజాతు" లని కొందఱిని ఎంచి, తక్కినవారిని త్రోసిరి. పదియవ మద్రాసు పటాలము పేరు గూర్ఖాలకు సంక్రమించి, 1901లో అది పదియవ గూర్ఖా రైఫిల్సు అయినది. ఖాతా సంఖ్య అదే, ఖాతాదారు వేఱు. 1922లో ఏర్పడిన 3వ మద్రాసు రెజిమెంటు పటాలములను సయితము పొదుపు పేర ఒకటొకటిగా రద్దు చేసిరి. పనికిరారని పని యీయక, పని చేయలేదని పనికిరారనుట ఏ న్యాయశాస్త్రమునందున్నదో తెలియదు. మద్రాసు సాపర్లు మాత్రము నిలిచిరి. ఆ దళమునకు చెందిన సుబేదారు సుబ్రహ్మణ్యన్ 1944 ఫిబ్రవరిలో ఇటలీలో మందుపాతరపై తన దేహమును పఱచి తోడివారిని కాపాడి ప్రాణము విడిచెను. జార్జి క్రాస్ పొందిన తొలి భారతీయుడు ఆయనయే.

రెండవ ప్రపంచయుద్ధమున భారత సైన్యము రెండు లక్షల నుండి ఇరువది యైదు లక్షలకు పెరిగినది. యుద్ధజాతుల పట్టిక చాలలేదు. 1941-42లో మద్రాసు రెజిమెంటును మరల లేపిరి. క్రొత్త పటాలమును కూర్చుట పాలు తోడుపెట్టుట వంటిది. పాత పటాలము నుండి అనుభవజ్ఞులగు హవల్దార్లను, నాయకులను కొందఱిని తెచ్చి వేసినగాని క్రొత్తవారు పేరుకొనరు. మద్రాసు ఇంట తోడు గిన్నె బోర్లించి యుండెను. అయినను పటాలములు లేచినవి, బర్మా రంగమునకు పోయినవి. పిలుపు వచ్చినచో వెళ్లుటకు ఊళ్లలో జనము లేకపోలేదు. పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెము చేరువనున్న మాధవరమును "మిలిటరీ మాధవర" మని పిలుచుట అందఱెఱిగినదే; రెండు ప్రపంచయుద్ధములకును ఆ యూరివారు వెడలిరి.

ఈ రెజిమెంటు కేంద్రము నీలగిరులలోని వెల్లింగ్టనున నెలకొన్నది. తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ దేశముల యువకులు అచట నొక్క వరుసలో నిలుతురు. దాని చిహ్నమున నున్నది ఏనుగు. 1803 సెప్టెంబరు 23వ తేదీన, నేటి మహారాష్ట్రలోని అస్సయే యొద్ద, వెల్లెస్లీ సేన పదిహేను వందలకు పైగా హతులను క్షతగాత్రులను చూచి మరాఠాలపై గెలిచినది. అందున్న మద్రాసు సిపాయిలకు దక్కిన గుర్తు అది. పరులకొఱకు, తోడి దేశీయులపై గెలిచిన గెలుపు. అట్టి విజయములకు ఉత్సవము చేయుట స్వతంత్ర భారత సైన్యము మానుకొన్నది. ఏనుగును మాత్రము తొలగింపలేదు; 1971లో బసంతరు నది యొద్ద పోరిన మద్రాసు సైనికులదియు ఆ గుర్తే.