పేరొక్కటి, ఆటలు పెక్కు. ఆట ఒక్కటి, పేర్లు పెక్కు
(గుఢియారీ, రాయపూరులో చదివిన స్మారకోపన్యాసము)



ఎవరి స్మృతికై మనమిచట కూడితిమో ఆ పూజ్యుని పేరు మీకందరకు తెలిసినదే. గురువు పేరు శిష్యుడు నోట పలుకరాదన్న పాత మర్యాదలో పెరిగినవాడను గనుక నేను దానిని ఉచ్చరింపక, బాల్యములో పిలిచినట్లే మాస్టారని పిలిచెదను. ఆ బిరుదు ఏ పాఠశాలయు ఇచ్చినది కాదు. పగలెల్ల వాగన్ల మరమ్మతు కార్ఖానాలో ఇనుముతో పెనగులాడి, ప్రొద్దు వాలువేళ పట్టాలకు చేరువనున్న బయలులో ఈల చేతబట్టి నిలుచుటయే ఆయన ఉపాధ్యాయత్వము. తోలుబంతి కుట్లు విడినచో కుట్టి, లోని బ్లాడరు చిరిగినచో అతుకువేసి, వానకాలమున నీరు పీల్చి బరువెక్కకుండ నూనె రాచి, మా కాళ్ళముందు పెట్టెడి ఆ చేతులను తలచుకొనక ఆటలనుగూర్చి నేనొక్క మాటయు చెప్పజాలను.

మనలో పెక్కుమంది తాతలు ఈ ఊరికి వచ్చిన త్రోవ మీకు తెలిసినదే. బెంగాల్ నాగపూర్ రైల్వేవారు పార్వతీపురమునుండి రాయపూరు వరకు వేసిన మార్గము 1931లో పూర్తియైన పిదప, విజయనగర ప్రాంతమునకును ఛత్తీస్‌గఢ్ మైదానమునకును నడుమనున్న కొండలు అడ్డుకాకపోయినవి. పారలు పట్టినవారు, బాయిలర్లు మండించినవారు, వాగన్లు బాగుచేసినవారు తమ మూటలతోపాటు తమ భాషను, తమ దేవతలను, తమ పిల్లల ఆటలనుకూడ తెచ్చుకొనిరి. మన ఏడుపెంకులాట ఇచటివారికి పిట్టూల్, మన గోలీలు వారికి బాటి, మన చెడుగుడు వారికి ఖుడువా అని తెలిసికొనుటకు ఆ పిల్లలకు నిఘంటువు అక్కరలేకపోయెను.

అయినను ఆ బయలులో ఒక సాయంకాలము కలహము పుట్టినది. కూతకు వెళ్ళువాడు 'చెడుగుడు' అనవలెనని మేమును, 'కబడ్డీ' అనవలెనని తక్కినవారును పట్టుబట్టితిమి. మాస్టారు ఆనాడు చెప్పిన తీర్పును ఉచితస్థానమున విన్నవించెదను. ఒక ఆట లోకమెల్ల వ్యాపించుటకును, మరియొక ఆట తాను పుట్టిన పొలిమేర దాటకుండుటకును కారణమేమి అన్న ప్రశ్న నా మనస్సున నాటుకొన్నది ఆనాడే. గుణములో మిన్నయైనదే వ్యాపించునని సామాన్యముగా అందురు. నేనట్లు తలపను. ఆటను ఎవరు మోసికొనిపోయిరి, దానికి ఎవరు చోటిచ్చిరి, దాని వాకిలి ఎవరికి తెరచియుండెను అన్న మూడింటిమీదనే దాని వ్యాప్తి ఆధారపడియున్నదని నా నిశ్చయము.

ఫుట్‌బాలును చూడుడు. పేరొక్కటి, ఆటలు పెక్కు. ఇంగ్లండులో ఒక్కొక్క పాఠశాల తన బయలునకు తగిన నియమములతో ఆడుకొనుచుండగా, 1863లో లండనునందు ఫుట్‌బాల్ అసోసియేషన్ అన్న సంఘమును స్థాపించి, అందరకు నొక్కటే శాసనము వ్రాయబూనిరి. బంతిని చేతబట్టి పరుగెత్తవచ్చునా, ప్రత్యర్థి కాలిని తన్నవచ్చునా అన్న రెండు వివాదములపై కూటమి చీలినది. చేతబట్టువారు 1871లో రగ్బీ సంఘముగా ఏర్పడిరి. ఆ రగ్బీలోనే 1895లో మరియొక చీలిక వచ్చినది. ఉత్తర ఇంగ్లండు మిల్లులలోను గనులలోను పనిచేయువారు శనివారము ఆటకు వచ్చిన జీతము కోతపడును. ఆ నష్టమునకు పరిహారమిచ్చుట ఆటకు కళంకమని, జీతమునకై జీవింపనక్కరలేని పెద్దలు నిరాకరించిరి. హడర్స్‌ఫీల్డు పట్టణమున కూడిన ఉత్తరాది జట్లు వేరుపడి, కాలక్రమమున పదముగ్గురు ఆడెడి రగ్బీ లీగును కల్పించుకొన్నవి. సగము పూట సెలవునకై ఫోర్‌మను ముందు నిలిచిన అనుభవము కలిగిన గుఢియారీ వాసులకు ఈ చీలికలోని బాధను వివరింపనక్కరలేదు.

వేరువేరు దేశములలో ఈ వృక్షమునకు వేరువేరు కొమ్మలు సాగినవి. మెల్బోర్నులో క్రికెటరులు చలికాలమున దేహదార్ఢ్యము చెడకుండుటకై ఆరంభించిన ఆటకు 1859లో నియమములు వ్రాసికొనిరి. ఆ ఆస్ట్రేలియా ఫుట్‌బాలు నేడు అండాకారపు బయలులోనే ఆడబడుచున్నది. ఒక్క దేశములోనే విక్టోరియా, దక్షిణ, పశ్చిమ ప్రాంతములవారు దానిని ప్రాణముగా చూచుకొనగా, సిడ్నీ, బ్రిస్బేను నగరములవారు రగ్బీ లీగునకు పట్టముగట్టిరి. అమెరికాలో వాల్టర్ క్యాంప్ 1880 మొదలుగా రగ్బీని విరచి క్రొత్త ఆటగా పోతపోసెను; 1905లో ఆటస్థలములందు సంభవించిన మరణములకు దేశము కలవరపడగా, మరుసటి యేట బంతిని ముందునకు విసరుటకు అనుమతి లభించినది. ఐర్లండులో 1884లో వెలసిన గేలిక్ క్రీడాసంఘము తన సభ్యులు ఇంగ్లీషువారి ఆటలను ఆడరాదని నిషేధించి, ఆ నిషేధమును 1971 వరకు నిలుపుకొన్నది. పరాయి పాలనలో నలిగిన జాతి తన ఆటను తన భాషవలె కాపాడుకొన్నదని గ్రహించినవారు దానిని సంకుచితత్వమని తేలికగా కొట్టివేయజాలరు.

ఇన్ని కొమ్మలలో చేతులు వాడని ఆ ఒక్క ఆటయే, 1904లో పారిస్‌లో స్థాపితమైన ఫీఫా ఛత్రము క్రిందకు, నేడు 211 దేశీయ సంఘములను ఎట్లు తెచ్చినది? బంతియొక్కటి యున్న చాలును, నియమములు ఒక్క పూటలో పట్టువడును. ఇది మొదటి కారణము. మోసినవారు ఓడలవారు, వర్తకులు, ముఖ్యముగా రైల్వేవారు; ఇది రెండవది. మాంచెస్టరు యునైటెడ్ అని లోకము కొనియాడు జట్టు 1878లో లాంకషైర్ యార్క్‌షైర్ రైల్వేవారి పెట్టెల, వాగన్ల శాఖలోని కార్మికులు న్యూటన్ హీత్ పేర పెట్టుకొన్న జట్టు. మన వాగన్ల కార్ఖానా పిల్లలారా, ఆ మాట మరువకుడు. అర్జెంటీనాలోని రోజారియో సెంట్రల్ జట్టును 1889లో పుట్టించినది అక్కడి రైల్వే ఉద్యోగులే; ఉరుగ్వేలో పెన్యరోల్ అని ప్రసిద్ధమైన జట్టు 1891లో రైల్వేవారి క్రికెట్టు క్లబ్బుగా పుట్టినది. తెచ్చినవారు ఆంగ్లేయులే, కాని రేవుకూలీల బిడ్డలు దానిని తమ వీథులలోనికి లాగుకొన్నపుడు గదా అది లోకపు ఆట యైనది! 1930లో మొదటి ప్రపంచకప్పును గెలిచినది ఇంగ్లండు కాదు, ఉరుగ్వే.

వాకిలి సంగతి చెప్పుటకు కలకత్తాకంటె మంచి తావు లేదు. అక్కడి దొరలు 1870వ దశాబ్దిలో రగ్బీ క్లబ్బు పెట్టి, కొలది యేండ్లకే ఆడువారు కరవై 1878లో మూసివేసి, బ్యాంకులో మిగిలిన వెండి రూపాయలను కరగించి ఒక పాత్ర చేయించిరి. త్రాచుపాములు పిడులుగా, మూతపై ఏనుగుతో నున్న ఆ కలకత్తా కప్పునకై ఇంగ్లండు, స్కాట్లండు జట్లు నేటికిని పోరాడుచున్నవి. రగ్బీ మన నేలపై లోతుగా వేరూనలేదు. మన వెండియే అచటికి పోయినది. అదే నగరములో ఫుట్‌బాలు మాత్రము వంగీయుల వీథులకు దిగినది. 1911లో మోహన్ బగాన్ జట్టువారు, ఒక్కరు తప్ప అందరు ఉత్తపాదములతో, ఈస్ట్ యార్క్‌షైర్ సైనికుల జట్టును 2–1తో ఓడించి ఐ.ఎఫ్.ఏ. షీల్డును గెలిచినప్పుడు ఆ ఆట పరాయిదిగా మిగులలేదు.

మన హైదరాబాదు చరిత్రయు ఇట్టిదే. ఉపాధ్యాయుడుగా జీవితము ప్రారంభించిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలో హైదరాబాదు పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదుమార్లు రోవర్స్ కప్పు గెలిచినది. భారత జట్టు 1951లోను, 1962లోను ఆసియా క్రీడల స్వర్ణములు సాధించి, 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానమున నిలిచినది. సికింద్రాబాదు చెంత అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ కలకత్తాలో ఈస్ట్ బెంగాల్‌కు ఆడి, పిదప మన బెంగాల్ నాగపూర్ రైల్వే (బి.ఎన్.ఆర్.) జట్టులోనే చేరినాడు. రైల్వే పేరు మారినను జట్టు పాత పేరును విడువలేదు. మన పొరుగున బిలాస్‌పూరులో పుట్టిన లెస్లీ క్లాడియస్ ఈ రైల్వే బయళ్ళలోనే ఫుట్‌బాలునుండి హాకీకి మరలి, మూడు ఒలింపిక్ స్వర్ణములును ఒక రజతమును గడించెను. అట్టి దేశమున నేడు క్రికెట్టు ఏకచ్ఛత్రముగా ఏలుచున్నది. నాగపూరులో పుట్టిన తెలుగుబిడ్డ సి. కె. నాయుడు 1932లో భారతదేశపు తొలి టెస్టు నాయకుడు కావడము మనకు గర్వకారణమే. 1983 ప్రపంచకప్పు విజయమును, టెలివిజనును కలిసి ఆ ఆటను ప్రతి ఇంటి ముంగిటికి తెచ్చినవి. 2023 జనవరి 21న మన నవరాయపూరు మైదానములో భారత, న్యూజీలాండు జట్లు తలపడిన నాటి జనసందోహమును మీరు చూచినవారే. దానిని నేను నిందింపను. కాని క్రికెట్టు గెలిచినది గనుక ఫుట్‌బాలును హాకీయు తక్కువవని తలచువారికి చోటిచ్చినవారి లెక్క తెలియదని మాత్రము చెప్పుదును.

సముద్రమునకు ఆవల ఒక దృష్టాంతమున్నది. 1903 మొదలు మద్రాసు రేవునుండి ఫిజీ చెరకుతోటలకు పోయిన కూలీలలో విశాఖపట్టణ ప్రాంతపు తెలుగువారును కలరు. వారి సంతతివారు తక్కిన భారతీయులతో కలిసి ఫుట్‌బాలును తమదిగా చేసికొనిరి. ఆ దీవుల ఆదివాసులు రగ్బీని తమదిగా చేసికొని, 2016లో ఆ దేశమునకు తొలి ఒలింపిక్ పతకమును, అదియు స్వర్ణమును, తెచ్చిరి. వలసపాలకులు ఇరువురను వేరువేరు పల్లెలలో నుంచిరి, ఆటలును వేరుపడినవి. 1938లో వెలసిన అక్కడి ఫుట్‌బాల్ సంఘము పేరులో 'ఇండియన్' అన్న మాట ఉండెడిది. తరువాత దానిని తీసివేసి అందరకు వాకిలి తెరచిరి. ఉత్తరాంధ్రలో ఇరుగుపొరుగు పల్లెల వారిలో ఒకరు ఓడ యెక్కినారు, ఒకరు రైలెక్కినారు. ఒకరి మనుమనికి ఫుట్‌బాలు, మరియొకరి మనుమనికి క్రికెట్టు ప్రాణమైనది. ఇందు రక్తపు గుణమెక్కడ, ఆట గుణమెక్కడ?

ఇక ఆట ఒక్కటి, పేర్లు పెక్కు అన్నదానికి వత్తును. చెడుగుడు, హుతుతు, హాడుడు, ఖుడువా, కబడ్డీ అన్నవి ఒక్క ఊపిరికే పెట్టిన పేర్లు. రాయపూరు ఆనాడు చేరియున్న మధ్యపరగణాలు, బేరారు రాష్ట్రములోని అమరావతి నగరపు హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలివారు 1936లో బెర్లిన్ ఒలింపిక్స్ వేళ దానిని ప్రదర్శించిరి. 1950లో అఖిలభారత సంఘము, 1990లో బీజింగ్ ఆసియా క్రీడలలో స్థానము, 2014లో ప్రో కబడ్డీ పోటీలు క్రమముగా వచ్చినవి. దుమ్ములో ఆడిన ఆట దీపముల వెలుగున మెత్తని పరుపులపై కెక్కినది. అందులకు మూల్యమును చెల్లించినది: నేటి నియమముల ప్రకారము కూతకు పోవువాడు 'కబడ్డీ' అనియే పలుకవలెను. ఫుట్‌బాలు నియమములు కుదరక పలు ఆటలుగా చీలినది. మన ఆట నియమము కుదుర్చుకొనుటకై తన పలు పేర్లను విడిచినది. వ్యాప్తి కావలెనన్న ఏదో యొకటి విడువక తప్పదేమో.

ఆ సాయంకాలము మాస్టారు ఇచ్చిన తీర్పు ఇది: "దమ్మున్నంతవరకు ఏ మాటైనా సరే బాబూ, దమ్ము విడిచాక ఏ మాటా లెక్కకు రాదు." ఆనాడు మేము నవ్వి, ఎవరి కూత వారు పెట్టి ఆడుకొంటిమి. ఆ తీర్పు పోటీలకు చెల్లదని నేనెరుగుదును. ఒక సభలో ఆడునపుడు ఒక నియమము వలయును. కాని వీథికి సభా నియమము అక్కరలేదు. పెద్ద ఆటను పూజించి చిన్న ఆటను చులకన చేయు బుద్ధి, పెద్ద భాషను నేర్చి తల్లిభాషను మరచు బుద్ధియు ఒక్కటే. రాయపూరులో తెలుగు నిలుపుకొన్న మీకు నేను ఇంతకుమించి చెప్పనేల?

తల్లిదండ్రులకు నా విన్నపమొక్కటి. మన వాడలలో ఇండ్లు పెరిగినవి, బయళ్ళు తరిగినవి. మిగిలిన జాగాలో ఏ ఆట ఆడవలెనో మనము శాసింపవద్దు. ఆడపిల్లలను గట్టున కూర్చుండబెట్టవద్దు. ఇచటి పిల్లలను, మన పిల్లలను వేరుచేయవద్దు. ఆ జాగాను మాత్రము కాపాడుదము. బంతి కుట్టుటకు ఒక చేయి, ఈల ఊదుటకు ఒక నోరు దొరికిన చాలును. ఆ చేయియు ఆ నోరును ఒకప్పుడు ఈ గుఢియారీలో ఉండెను గనుకనే నేనీనాడు మీ ముందు నిలిచితిని.