డైలను భద్రపరచే పద్ధతి
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన ఇండ్లల్లో కోడళ్లు, మనవరాళ్లు పలుచని ఉక్కు అచ్చులతో కాగితం కత్తిరించి పూలు, శుభలేఖలు చేస్తున్నారు. కొందరికి అది నాలుగు రూపాయల ఆదాయం కూడా. ఆ అచ్చులనే డైలంటారు. అన్నిటినీ ఒకే డబ్బాలో పోస్తే వంగిపోతాయి. పువ్వులో ఒక్క రేకు డై పోయినా మొత్తం సెట్టు వృథా.

సీసపు అక్షరాల కాలంలో కంపోజిటర్ పని ముగిశాక ప్రతి అక్షరాన్నీ దాని గడికే చేర్చేవాడు. 1904లో హనుమకొండలో వెలసిన శ్రీ రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం వంటి గ్రంథాలయాల్లో పుస్తకానికి సంఖ్య వేసేదీ అందుకే. వెతుకులాట ఉండరాదు.

డైలకూ అదే పద్ధతి. అట్టకు అయస్కాంత షీటు అంటించి, దానిపై ఒక సెట్టు అమర్చి, ప్లాస్టిక్ కవరులో పెట్టండి. కవరుపై సంఖ్య వేయండి. ఆ డైలతో కోసిన కాగితం నమూనాను అదే సంఖ్యతో నోటుబుక్కులో అంటించండి. కవర్లను ఫైళ్ల మాదిరి నిలువుగా పేర్చండి. వానకాలంలో తుప్పు పట్టకుండా పొడిగుడ్డతో తుడిచి, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం వేయండి. పసిపిల్లలకు మాత్రం అందనీయకండి.

రికార్డు గదుల్లో మనం ఏండ్ల తరబడి చేసిన పనే ఇది. ఆ నోటుబుక్కు మనమే రాసిపెడదాం. మనం లేని రోజున కూడా అది వారికి అక్కరకొస్తుంది.